తాళంచెవి తీసినా ఆగని కరెంటు

లారీ డ్రైవరుకు క్యాబినే ఇల్లు. అక్కడే తిండి, అక్కడే నిద్ర. క్యాబిన్‌లో ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. ఒక దీపం ఉంటుంది. పాటల పెట్టె ఉంటుంది. సెల్‌ఫోను చార్జింగుకు ఒక సాకెట్టు ఉంటుంది. ఇవన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి. లారీ ఇంజను లేవాలన్నా ఆ బ్యాటరీయే కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

మిర్చి సీజనులో గుంటూరు యార్డు దగ్గర లారీలు బారులు తీరతాయి. సరుకు దిగేదాకా ఒక్కోసారి రెండు రాత్రులు ఆగాల్సి వస్తుంది. ఇంజను ఆపేస్తారు. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తీరా వంతు వచ్చాక డ్రైవరు తాళం తిప్పుతాడు. 'టక్' మంటుంది. మళ్లీ తిప్పుతాడు. మళ్లీ 'టక్'. ఇంజను లేవదు. వెనక లారీల వాళ్లు హారన్లు కొడుతుంటారు. సరుకుతో ఉన్న లారీని నెట్టి స్టార్టు చెయ్యడం మనుషుల వల్ల అయ్యే పని కాదు.

"లైట్లు వెలుగుతున్నాయి కదా! మరి బ్యాటరీ బాగానే ఉన్నట్టే కదా!" అనుకుంటారు చాలామంది. కాదు. చిన్న దీపానికి అర ఆంపియరు కరెంటు చాలు. ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారుకు కొన్ని వందల ఆంపియర్లు కావాలి. అది కొద్ది సెకన్ల పనే. కానీ ఆ కొద్ది సెకన్లకూ బ్యాటరీలో సత్తువ ఉండాలి. గిన్నె అడుగున మిగిలిన నీళ్లతో గొంతు తడుపుకోవచ్చు. స్నానం చెయ్యలేం కదా! ఇదీ అంతే.

బ్యాటరీని నీళ్ల తొట్టి అనుకోండి. ఇంజను నడుస్తున్నంతసేపూ డైనమో ఆ తొట్టిని నింపుతుంది. ఇంజను ఆగితే నింపేవాళ్లు లేరు. వాడుకోవడమే మిగిలింది. తొట్టి ఎంత పెద్దదో బ్యాటరీ మీద రాసి ఉంటుంది. 100 ఏహెచ్ అని ఉంటే, 5 ఆంపియర్ల చొప్పున వాడితే 20 గంటలు వస్తుందని అర్థం. కొత్త బ్యాటరీ సంగతి ఇది. పాతబడిన కొద్దీ తొట్టి చిన్నదవుతుంది. పైన రాసిన అంకె మాత్రం మారదు!

ఇక సాకెట్టు సంగతి. మొదట్లో దీన్ని సిగరెట్టు అంటించే లైటరు కోసం పెట్టారు. ఇప్పటికీ చాలామంది లైటరు సాకెట్టనే అంటారు. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ వీటిలో రెండు రకాలు ఉన్నాయి. ఒక రకానికి కరెంటు తాళం మీదుగా వస్తుంది. తాళంచెవి తీస్తే సాకెట్టు ఆగిపోతుంది. రెండో రకం నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. మధ్యలో ఫ్యూజు ఒక్కటే ఉంటుంది. తాళంచెవి జేబులో వేసుకుని ఊరెళ్లినా ఆ సాకెట్టులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఒకే బండిలో రెండు రకాలూ ఉండవచ్చు. బయట షాపుల్లో బిగించే సాకెట్లు చాలావరకు ఈ రెండో రకమే. వైరు లాగడం తేలిక కదా! కొందరు ఫ్యూజు కూడా పెట్టరు. అది మరీ ప్రమాదం. వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే క్యాబిన్ అంటుకుంటుంది.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి మెకానిక్కు అవసరం లేదు. తాళంచెవి పూర్తిగా బయటికి తియ్యాలి. సాకెట్టులో చార్జరు పెట్టి ఫోను తగిలించాలి. ఫోను చార్జి ఎక్కుతుంటే అది ఆగని సాకెట్టు. అయితే కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా కొద్దిసేపు కరెంటు ఉండి, ఆ తర్వాత పోతుంది. అందుకని ఒక గంట ఆగి మళ్లీ చూడాలి. ఆగని సాకెట్టు అయితే దాని పక్కన చిన్న కాగితం అంటించి 'ఎప్పుడూ ఆన్' అని రాసి పెట్టుకోవచ్చు. రేపు బండి ఎక్కే కొత్త డ్రైవరుకూ తెలుస్తుంది.

రాత్రి ఖర్చు ఎంతో లెక్క వేసి చూడండి. పెద్ద లారీకి 24 వోల్టులు. వస్తువు మీద వాట్లు రాసి ఉంటాయి. వాట్లను 24తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఫ్యాను 24 వాట్లు అయితే 1 ఆంపియరు. దీపం 12 వాట్లు, అంటే అర ఆంపియరు. చార్జరు 12 వాట్లు, అదీ అర. పాటల పెట్టె ఇంకో ఆంపియరు. అన్నీ కలిపితే 3. రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా 10 గంటలు. మూడు పదులు ముప్పై. 100 తొట్టిలో 30 పోయింది. రెండో రాత్రికి 60 పోతుంది. బ్యాటరీ పాతదై 60 మాత్రమే పట్టేదైతే మొదటి రాత్రికే సగం ఖాళీ.

ఈ బ్యాటరీలను సగం కంటే కిందికి దించకూడదు. లోపలి సీసం పలకల మీద తెల్లటి పొర కడుతుంది. వెంటనే చార్జి చేస్తే ఆ పొర కరుగుతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టిపడుతుంది. ఇక ఎంత చార్జి చేసినా బ్యాటరీ మునుపటిలా పట్టదు. పైగా పోయిన చార్జి అరగంట బండి నడిపితే తిరిగి రాదు. గంటల తరబడి నడపాలి.

చిన్న చిల్లులూ ఉంటాయి. బండి ఎక్కడుందో చెప్పే జీపీఎస్ పెట్టె అలాంటిది. అది ఆంపియరులో ఇరవయ్యో వంతు తీసుకుంటుందనుకోండి. రోజుకు 1.2 ఏహెచ్. ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ పని లేక లారీ నెల రోజులు షెడ్డులో ఉంటే 36 పోతుంది. అలాంటప్పుడు బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్ తిప్పేయాలి. అది లేకపోతే మైనస్ వైరు విప్పి పక్కన పెట్టాలి.

అమెరికాలో, ఐరోపా దేశాల్లో ఇల్లులాంటి బండ్లు ఉంటాయి. మోటార్‌హోమ్ అంటారు. అందులోనే మంచం, పొయ్యి, ఫ్రిజ్ ఉంటాయి. వాటికి రెండు వేరువేరు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి ఇంజనుకు. ఇంకొకటి ఇంటి సామానుకు. ఇంటి బ్యాటరీ పూర్తిగా దిగినా ఇంజను లేస్తుంది. అక్కడా ఒక తిరకాసు ఉంది. స్టీరింగు దగ్గర ఉండే సాకెట్టు చాలా బండ్లలో ఇంజను బ్యాటరీ మీదే ఉంటుంది. అది ఆగని రకమైతే, దానికి ఏదైనా తగిలించి నిద్రపోయినవాళ్లకు పొద్దున్నే మన లారీ కష్టమే!

లారీకీ రెండు బ్యాటరీలు ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి. కానీ అవి వేరువేరు పనులకు కావు. 12, 12 కలిపి 24 వోల్టులు చెయ్యడానికి. ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంది. బజారులో దొరికే పాటల పెట్టెలు, ఫ్యాన్లు ఎక్కువగా 12 వోల్టులవి. వాటి కోసం రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే వైరు లాగుతారు. ఆ ఒక్క బ్యాటరీ ముందుగా పోతుంది.

"మేస్త్రీ, రెండూ ఒకేరోజు కొన్నాను. ఒకటి బాగుంది. ఒకటి చచ్చింది. షాపువాడు మోసం చేశాడా?" అని డ్రైవరు అడుగుతాడు.

"మోసం లేదబ్బాయ్. జోడెడ్లలో ఒకదానికే అదనంగా అరక కట్టావు. అది ముందు కూలబడదా?" అంటాడు ముసలి మేస్త్రీ.

మేస్త్రీ మాట నిజం. డైనమో రెండింటినీ కలిపి ఒకేలా నింపుతుంది. వాడని బ్యాటరీ నిండిపోయి లోపలి నీళ్లు మరుగుతాయి. వాడే బ్యాటరీ ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. చివరికి రెండూ పాడవుతాయి. దీనికి మందు కన్వర్టరు. 24ను 12 చేసే చిన్న పెట్టె అది. రెండు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకుంటుంది. దానికీ ఒక స్విచ్ పెట్టించాలి. వాడనప్పుడు కూడా అది కొంచెం కరెంటు తింటుంది.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. మంచిదే. కానీ మామూలుగా ఈ ఏసీ ఇంజను తిరిగితేనే చల్లబరుస్తుంది. ఇంజను ఆపి ఏసీ బటను వదిలేస్తే వేడిగాలే వస్తుంది. బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది.

హైవే మీద రాత్రిపూట బ్యాటరీ పూర్తిగా దిగితే ఇంకో ముప్పు ఉంది. వెనక ఎర్ర లైట్లు వెలగవు. చీకట్లో ఆగిన లారీని వెనక వచ్చేవాడు చూడలేడు. అందుకే మెరిసే త్రికోణం బోర్డు క్యాబిన్‌లో ఉండాలి. బండి ఆగగానే దాన్ని లారీకి బాగా వెనకగా పెట్టాలి.

పక్క లారీ నుంచి కరెంటు తీసుకునేటప్పుడు 24 వోల్టుల బండికి 24 వోల్టుల బండే కావాలి. కారు బ్యాటరీ పనికిరాదు. ఎర్ర కేబులు ముందు దిగిన బ్యాటరీల ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీల ప్లస్‌కు కలపాలి. నల్ల కేబులు ముందు మంచి బ్యాటరీల మైనస్‌కు కలపాలి. దాని రెండో కొన దిగిన బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఆ లారీ ఇంజను ఇనుముకు తగిలించాలి. చివరి కొన తగిలేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ పైన మండే వాయువు ఉంటుంది. అందుకే ఆ దరిదాపుల్లో బీడీ వెలిగించకూడదు. ఇంజను లేచాక చివర తగిలించిన కొనతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే వెనక్కి విప్పుకుంటూ రావాలి.