రాస్ప్‌బెర్రీ పై బూట్ కానప్పుడు లోపాన్ని గుర్తించడం

రాస్ప్‌బెర్రీ పై బూట్ కాకపోతే వెంటనే ఎస్‌డీ కార్డును ఫార్మాట్ చేయకండి. అలా చేస్తే అందులోని మీ ప్రాజెక్టు ఫైళ్లు పోతాయి. ముందుగా బూటింగ్ ఏ దశలో ఆగిందో తెలుసుకోండి.

బూటింగ్‌ను మూడు దశలుగా చూడవచ్చు. మొదట ఫర్మ్‌వేర్ కార్డులోని బూట్ విభాగాన్ని చదువుతుంది. తరువాత కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. చివరగా కెర్నల్ రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేస్తుంది.

బోర్డు మీది ఆకుపచ్చ లైటు 4 సార్లు చొప్పున వెలిగి ఆరుతుంటే ‘స్టార్ట్’ అనే ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని అర్థం. 7 సార్లయితే కెర్నల్ ఫైలు దొరకలేదని అర్థం. బూట్ విభాగం ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది. అందువల్ల కార్డును వేరే కంప్యూటర్‌లో పెట్టి, లేని ఫైలును తిరిగి కాపీ చేయవచ్చు.

స్క్రీన్‌పై రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయినట్లు ‘కెర్నల్ పానిక్’ సందేశం వస్తే, కెర్నల్ లోడ్ అయిందన్నమాట. అప్పుడు బూట్ విభాగంలోని ‘సీఎండీలైన్’ ఫైలు తెరిచి, ‘రూట్’ విలువ సరైన విభాగాన్ని సూచిస్తోందో లేదో చూడండి. ఆ ఫైలులోని పారామితులన్నీ ఒకే లైనులో ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లైటు 7 సార్లు చొప్పున వెలిగే బోర్డులో ‘రూట్’ విలువ మారిస్తే ప్రయోజనం ఉంటుందా? ఎందుకు?