పదహారింట పదిహేను పాళ్లు

జపాన్ మాంసపు జాతి వాగ్యూ పశువులకు అమెరికా, ఆస్ట్రేలియా కాగితాల్లో రెండు ముద్రలుంటాయి: ప్యూర్‌బ్రెడ్, ఫుల్‌బ్లడ్. వినడానికి రెండూ ఒకటేలా ఉంటాయి. కానీ కావు.

1976లో జపాన్ నుంచి అమెరికాకు వాగ్యూ ఆబోతులు నాలుగే వచ్చాయి. రెండు నల్లవి, రెండు ఎర్రవి. వాటి వెంట ఆవు ఒక్కటీ లేదు. ఆవు లేనిదే అచ్చమైన దూడ ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే యాంగస్ లాంటి వేరే జాతుల ఆవులకు వీటితో చూడి కట్టించారు. పుట్టిన దూడలో వాగ్యూ వంతు 50 శాతం. ఆ పెయ్య ఎదిగాక మళ్లీ వాగ్యూతోనే కట్టిస్తే 75. మూడో తరానికి 87.5, నాలుగో తరానికి 93.75. అంటే పదహారింట పదిహేను. అమెరికా, ఆస్ట్రేలియా వాగ్యూ సంఘాలు ప్యూర్‌బ్రెడ్ గీత గీసింది ఇక్కడే. చూడి తొమ్మిది నెలల పైచిలుకు, తొలి ఈతకు కనీసం రెండేళ్లు కనుక, ఎంత తొందరపడినా ఇక్కడికి రావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది.

ఐదో తరానికి 96.875, ఆరో తరానికి 98.4. ఇలా ఎన్ని తరాలు లెక్కేసినా నూరు రాదు. ఫుల్‌బ్లడ్‌కు కావలసింది ఆ నూరే: తల్లి వైపూ తండ్రి వైపూ పూర్వీకులంతా జపాన్ పశువులే కావాలి, దూడ తల్లిదండ్రులెవరో డీఎన్‌ఏ పరీక్షలో తేలాలి. ఎక్కడో ఒక ముత్తవ్వ యాంగస్ అయితే ఆమె సంతతిలో ఎవరికీ ఆ ముద్ర దక్కదు. 1993లో జపాన్ నుంచి మూడు ఆవులు దిగాకే అమెరికా మందలో ఫుల్‌బ్లడ్ దూడకు వీలు కలిగింది.

ఇందులో ఒక మెలిక ఉంది. 93.75 అన్నది సగటు. ఒకే తల్లి కన్న రెండు దూడల్లో యాంగస్ వంతు ఒకదానికి మూడు శాతమే అంటవచ్చు, రెండోదానికి తొమ్మిది. కాగితం మీద మాత్రం రెండూ సమానమే. పైగా ముద్ర వంశం సంగతి చెబుతుందే తప్ప మాంసంలో కొవ్వు చారలెలా వస్తాయో చెప్పదు. నాసిరకం ఫుల్‌బ్లడ్ ఆబోతు కన్నా సంతానం బాగున్న ప్యూర్‌బ్రెడ్డే మేలని నా అభిప్రాయం.

ఈ లెక్క మనకు దూరమేమీ కాదు. మన ఒంగోలు జాతి నుంచి పెరిగిన నెలోర్ పశువులకు బ్రెజిల్ రిజిస్టరులో పీఓఐ అనే ముద్ర వేరే ఉంది. దిగుమతైన పశువుల దాకా వంశం కల్తీ లేకుండా సాగితేనే అది ఇస్తారు. 1960ల ఆరంభంలో అక్కడికి చేరి పేరు మోసిన ఆబోతు కర్వాది. ఆ పేరు ఒంగోలు పక్కనున్న కరవది ఊరిదే.