సి బుక్కుకి ఎక్కని సోకులు

కారుకి సోకులు చేయించేవాళ్ల దిగులంతా ఫైను గురించే. నేను బీమా కంపెనీల తరఫున, గుద్దుకున్న బండ్లు చూసి నష్టం లెక్కకట్టే సర్వేయర్ని. విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనే నా పొద్దు చాలావరకు గడుస్తుంది. బండి ఎంత నుజ్జయినా నేను ముందు అడిగేది సి బుక్కు. ఇంజను నంబరు, రంగు, ఇంధనం, సీట్లు... అందులో రాసిందానికీ ఎదురుగా ఉన్నదానికీ పొంతన కుదరకపోతే క్లెయిముకి అక్కడే చిక్కు పడుతుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడిగేదీ ఆ పొంతనే. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలో 182ఎ సెక్షను చేరింది: ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. మొత్తం బండికి కాదండోయ్, ఒక్కో మార్పుకి!

మొన్నామధ్య వెనక నుంచి లారీ గుద్దిన కారొకటి చూశాను. డిక్కీలో గ్యాస్ సిలిండరు, దాని మీద పరీక్ష తేదీ పొడిచిన చోట తుప్పు. సి బుక్కులో ఇంధనం దగ్గర పెట్రోలు అని మాత్రమే ఉంది.

"ఏం బాబూ, కిట్టు ఎక్కించలేదా?"

"లేదండీ. తెలిసినాయన చవగ్గా పెడతానంటే పెట్టించా. ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారండీ?"

సీఎన్‌జీ కిట్టుకి చట్టం అడ్డేం చెప్పదు. ఆ మోడలుకి ఆమోదం పొందిన కిట్టు కావాలి, గుర్తింపు ఉన్న వర్క్‌షాపులో బిగించాలి, రవాణా శాఖలో నమోదు కావాలి. సిలిండరుకి మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి. బీమా కంపెనీకి చెప్పి కాస్త ఎక్కువ ప్రీమియం కట్టాలి. ఆ కాస్త మిగుల్చుకోబోయి లక్షల క్లెయిము దగ్గర చేతులు పిసుక్కునేవాళ్లని తరచూ చూస్తుంటాను.

నాకు బొత్తిగా గిట్టనివి ముందు బంపరుకి బిగించే ఇనప కమ్మీలు. బుల్‌బార్ అంటారు. వీటి మీద చర్యలు తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. కారణం షెడ్డులో కళ్లారా కనిపిస్తుంది. గుద్దినప్పుడు కారు ముందు భాగం నలగాలి. నలిగితేనే దెబ్బ అక్కడ అరుగుతుంది. కమ్మీని నేరుగా ఛాసిస్‌కి బోల్టులతో బిగిస్తే దెబ్బంతా లోపలికి పోతుంది. బంపరు మీద గీత కూడా లేకుండా లోపల ఛాసిస్ కాళ్లు ముడతలు పడిన బండ్లు చూశాను. ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సెన్సారు లెక్క కూడా దీనివల్ల తప్పొచ్చు. రోడ్డు దాటే మనిషికి ఆ ఇనుము తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

లైట్లదీ అంతే. 60/55 వాట్లకి వేసిన వైరుకి 100/90 బల్బు తగిలించి, అతుకు మీద నల్ల టేపు చుట్టి పంపేస్తారు. వైరు కరిగి బండి అంటుకుంటే కాలిన చోటే సాక్ష్యం చెబుతుంది.

అద్దాల గొడవ మాత్రం ఇంకా తెగలేదు. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్కవాటిలోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నియమం. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఫిల్మ్ అసలే అంటించకూడదంది. తర్వాత నియమాలు మారాయి. ఈ శాతాలు తగ్గకుండా ఉండే ఫిల్మ్ ఫరవాలేదని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. మన కూడలిలో నిలబడ్డ కానిస్టేబులు మాత్రం ఆ తీర్పు జేబులో పెట్టుకుని తిరగడు. ఎండకి తాళలేకపోతే కంపెనీ నుంచే లేతరంగు అద్దంతో వచ్చే బండి కొనుక్కోవడం మేలు. సైలెన్సర్లు, రకరకాల రాగాలు తీసే హారన్ల గురించి ఇక్కడ రాయను. అవి తప్పని పెట్టించుకున్నవాడికీ తెలుసు.

రంగు మార్చాలంటే? మార్చుకోవచ్చు, ముందే రవాణా కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. ఫైనాన్సు ఉంటే వాళ్ల ఒప్పుదల కాగితం కూడా తెచ్చుకోండి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు బండి చూశాక సి బుక్కులో కొత్త రంగు ఎక్కుతుంది.

చట్టం చనువిచ్చిన చోటు ఇంకొకటి ఉంది. కాళ్లు పనిచేయనివాళ్లు బ్రేకు, యాక్సిలరేటరు చేత్తో నడిపేలా కారు మార్పించుకోవచ్చు. 2019 సవరణ దీనికి విడిగా వీలు కల్పించింది. అలాంటి కారొకటి ఆ మధ్య నా దగ్గరికొచ్చింది. స్టీరింగు పక్కన లివరు, దాని బిల్లు, నమోదు కాగితాలు, పాలసీలో దాని ప్రస్తావన అన్నీ ఒకే ఫైల్లో వరసగా ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి ముందే రిపోర్టు రాసిచ్చేశాను.