పాస్‌బుక్‌లో కరిగిపోతున్న కష్టార్జితం

కోరుట్ల సమీపంలోని ఒక గ్రామంలో మాకు దగ్గరి బంధువు ఒకరున్నారు. మేము ఖాలా అని పిలుచుకుంటాము. నలభై ఎనిమిదేళ్ల ఆ బీడీ కార్మికురాలికి ప్రభుత్వం ఇచ్చే 2,016 రూపాయల భృతి, బీడీల కూలి, అప్పుడప్పుడు కొడుకు పంపే సొమ్ము తప్ప వేరే ఆదరువు లేదు. మొన్నటి చలికాలంలో ఒకనాడు అసర్ నమాజు తర్వాత పలకరించడానికి వెళ్ళాము. ఆమె తునికాకు, తంబాకు ఉన్న చాటను పక్కకు జరిపి, బీరువాలో గుడ్డలో చుట్టి దాచిన పాస్‌బుక్ తెచ్చి మా చేతిలో పెట్టారు. "బేటా, నెలనెలా పైసలు పడుతున్నయి. నేను తీసేది కొంచెమే. అయినా నిలుస్తలేవు. ఎవరన్నా దొంగతనం చేస్తున్నరా, జర చూడు" అన్నారు.

దొంగ ఎవరూ లేరు. ఇంగ్లీషు పొడి అక్షరాలలో అచ్చయిన పద్దులను ఒక్కొక్కటిగా విడదీసి కాగితం మీద రాసుకున్నాము. ఏటీఎం కార్డు వార్షిక రుసుము జీఎస్టీతో కలిపి 236 రూపాయలు. కనీస నిల్వ లేనందుకు మూడు నెలలకొకసారి 59 రూపాయల చొప్పున మరో 236. ఖాతాలో సరిపడా డబ్బు లేకుండా ఏటీఎంలో కార్డు పెట్టినందుకు మూడుసార్లు, 23 రూపాయల 60 పైసల చొప్పున. రెండు బీమా పథకాలకు 436, 20 రూపాయలు. సెల్‌ఫోనుకు సందేశాలు పంపినందుకు 70 రూపాయల 80 పైసలు. అంతా కూడితే ఏడాదికి 1,069 రూపాయల 60 పైసలు! సగం నెల భృతి కన్నా ఎక్కువ. వీటిలో మమ్మల్ని ఎక్కువగా బాధించింది ఆ సందేశాల రుసుము. బ్యాంకులో నమోదైన నంబరు మరణించిన ఖాలూది. ఆ సిమ్ము మూడేళ్ల కిందటే మూగబోయింది. ఎవరికీ చేరని సందేశాలకు ఆమె వెల చెల్లిస్తూ వచ్చారు.

ఈ గాథ ఒక్క ఇంటిది కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో బీడీలు చుట్టే తల్లులు, గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కుమారుల ఇళ్ళు, తోపుడు బండ్ల వారు చాలామంది తమ ఖాతా ఏ రకానిదో తెలియకనే ఏళ్ల తరబడి నడుపుతున్నారు. కూరగాయల బేరంలో రెండు రూపాయల కోసం పట్టుబట్టే మనం, బ్యాంకు కిటికీ దగ్గర మాత్రం చూపిన చోటల్లా సంతకం పెట్టి వస్తాము.

ముందుగా తెలుసుకోవలసింది 'ప్రాథమిక పొదుపు ఖాతా' గురించి. సామాన్య ప్రజలకు కనీస నిల్వ షరతు లేని ఖాతా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2012లో అన్ని బ్యాంకులనూ ఆదేశించింది. 2014 ఆగస్టు 28న ప్రారంభమైన జన్‌ధన్ ఖాతాలు కూడా ఈ కోవలోనివే. ఈ ఖాతాలో సున్నా ఉన్నా జరిమానా లేదు. ఏటీఎం కార్డు ఉచితం. డబ్బు ఎన్నిసార్లు జమ చేసినా పరిమితి లేదు. నెలకు కనీసం నాలుగుసార్లు రుసుము లేకుండా తీసుకోవచ్చు. ఇప్పటికే మామూలు పొదుపు ఖాతా ఉన్నవారు దానినే ప్రాథమిక ఖాతాగా మార్చమని రాతపూర్వకంగా కోరవచ్చు. అయితే అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండకూడదు. ఉంటే ముప్పై రోజులలో మూసివేయాలి. "మా బ్రాంచిలో అలాంటిది లేదు" అన్న జవాబు వినబడితే నమ్మకండి. ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని వినయంగా అడగండి. చాలాసార్లు అంతటితో పని జరుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పూర్తి గుర్తింపు పత్రాలు లేకుండా తెరిచిన ఖాతాను 'చిన్న ఖాతా' అంటారు. అందులో ఏ సమయంలోనూ నిల్వ 50,000 రూపాయలు మించరాదు, ఏడాది మొత్తం మీద జమ లక్ష దాటరాదు, నెలలో పదివేలకు మించి తీయరాదు. విదేశాల నుంచి వచ్చే సొమ్ము కూడా అందులో జమ కాదు. షాదీ ముబారక్ పథకం కింద వధువు తల్లికి అందే సాయం 1,00,116 రూపాయలు. ఆ చెక్కును చిన్న ఖాతాలో వేయబోతే ఏమవుతుందో ఊహించండి. నికాహ్ తేదీ దగ్గరపడ్డాక బ్యాంకు చుట్టూ తిరిగేకన్నా, అమ్మాయి సంబంధం మాటల్లో ఉండగానే ఆధార్, పాన్ ఇచ్చి ఖాతాను పూర్తిస్థాయికి మార్పించుకోవడం మేలు.

మామూలు పొదుపు ఖాతానే ఉంచుకోదలచిన వారి విషయానికి వద్దాము. కనీస నిల్వ షరతును స్టేట్ బ్యాంకు 2020లోనే ఎత్తివేసింది. కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకు 2025లో అదే బాట పట్టాయి. షరతు ఉన్న బ్యాంకులు కూడా ఇష్టానుసారం కోయడానికి వీలులేదు. 2015 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, నిల్వ తగ్గిందని ముందుగా తెలియజేసి, సరిచేసుకోవడానికి కనీసం నెల రోజులు గడువు ఇవ్వాలి. జరిమానా లోటుకు తగిన నిష్పత్తిలోనే ఉండాలి. కేవలం ఈ జరిమానా కారణంగా ఖాతా సున్నా కన్నా కిందికి పోకూడదు. కాబట్టి "మీ ఖాతా మైనస్‌లో ఉంది, ముందు అది కట్టండి" అన్నప్పుడు, అది దేనివల్ల వచ్చిన మైనస్ అని అడిగే హక్కు మనకుంది. మన నంబరు బ్యాంకులో సరిగ్గా ఉంటేనే ఆ ముందస్తు హెచ్చరిక మనకు చేరుతుందన్న సంగతి ఖాలా పాస్‌బుక్ నేర్పింది.

ఏటీఎంల గురించి క్లుప్తంగా. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదుసార్లు, ఇతర బ్యాంకుల వాటిలో కరీంనగర్, నిర్మల్, మంచిర్యాల వంటి పట్టణాలలో ఐదుసార్లు, హైదరాబాదులో మాత్రం మూడుసార్లు ఉచితం. ఆ పైన ఒక్కోసారికి 23 రూపాయల వరకు, పన్ను అదనం. రోగిని తీసుకొని హైదరాబాదు ఆసుపత్రికి వెళ్ళేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఇతర బ్యాంకు యంత్రంలో నిల్వ ఎంతుందో చూసుకోవడం కూడా ఒక లెక్కే. డబ్బు పంపడానికి నెఫ్ట్ పద్ధతిని ఆన్‌లైన్‌లో వాడితే 2020 జనవరి నుంచి పొదుపు ఖాతాదారులకు రుసుము లేదు. బ్రాంచికి వెళ్ళి ఫారం నింపితే ఉంటుంది.

బీమా మినహాయింపులు వేరే సంగతి. 436 రూపాయలది జీవిత బీమా, 20 రూపాయలది ప్రమాద బీమా. ఖాతాదారు అంగీకారం ఉంటేనే ఇవి కోయాలి. ఏదో ఫారంలో పెట్టిన సంతకమే ఆ అంగీకారమై ఉంటుంది. జీవిత బీమా విషయంలో ఉలమాల అభ్యంతరాలు పాఠకులకు తెలిసినవే. వద్దనుకునేవారు తదుపరి వాయిదా కోతకు ముందే ఆపివేయమని రాసి ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఇక మన ఇళ్ళలో అందరికన్నా దైవభీతి కలవారు పడుతున్న ఇబ్బందిని చెప్పకుండా ఉండలేము. వడ్డీ ముట్టకూడదన్న నిశ్చయంతో కొందరు సోదరులు పొదుపు ఖాతా మూసివేసి కరెంటు ఖాతా తెరుస్తారు. కరెంటు ఖాతాలో వడ్డీ రాదన్నది నిజం. కానీ అది వ్యాపారుల కోసం ఏర్పడిన ఖాతా. కనీస నిల్వ వేలలో ఉంటుంది, తగ్గితే జరిమానా కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. నెలకు పదిహేను వేలు సంపాదించే దర్జీకి అది మోయలేని బరువు. మరోవైపు, పొదుపు ఖాతాలో పడిన వడ్డీని బ్యాంకుకే వదిలివేయక, బయటికి తీసి, పుణ్యాన్ని ఆశించకుండా నిరుపేదలకు ఇచ్చివేయాలని మన దేశంలోని ఉలమాలలో చాలామంది చెబుతారు. ఈ మాట తెలిసిన దర్జీకి ప్రాథమిక ఖాతా చాలు. వడ్డీ సాధారణంగా మూడు నెలలకొకసారి జమ అవుతుంది. ఆ పద్దులను ఒక నోటుపుస్తకంలో విడిగా రాసుకుంటే లెక్క తేలిక. ఆ వడ్డీ సొమ్మును బ్యాంకు రుసుముల కింద సరిపెట్టుకోవచ్చా అన్న ప్రశ్న తరచుగా వినబడుతుంది. మా దృష్టిలో, అసలు రుసుమే పడకుండా చూసుకుంటే ఆ సందేహానికి చోటుండదు. పడినవారు తమ ప్రాంతపు ముఫ్తీ సాహెబును అడగడం సముచితం.

వడ్డీ లేని బ్యాంకింగు కోసం ఎదురుచూసేవారికి ఒక మాట. రఘురామ్ రాజన్ కమిటీ 2008 నివేదికలో దాన్ని సిఫార్సు చేసింది. రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించుకున్నట్లు 2017లో వెల్లడైంది. అయితే ఈ ఆలోచన మన నేలకు కొత్తది కాదు. హైదరాబాదులో జన్మించిన మహా పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, నిజాం కాలంలో ఉద్యోగులు, సామాన్యులు తమలో తాము నడుపుకున్న వడ్డీ లేని రుణ సంఘాల గురించి విపులంగా రాశారు. మస్జిదు కమిటీలు ఆ చరిత్రను ఒకసారి తిరగేస్తే బాగుంటుంది. అది వేరే వ్యాసానికి తగిన విషయం.

గల్ఫ్ కుటుంబాలకు మరొక సంగతి. కొడుకు దుబాయికో, రియాదుకో ఉద్యోగానికి వెళ్ళాక, ఇక్కడి అతని మామూలు పొదుపు ఖాతాను అలాగే కొనసాగించడం విదేశీ మారక చట్టం ఒప్పుకోదు. దాన్ని ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవాలి. అక్కడి సంపాదన పంపుకోవడానికి ఎన్నార్‌ఈ ఖాతా తెరవవచ్చు. వీటిలో కనీస నిల్వ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక, ప్రయాణానికి ముందే రెండు మూడు బ్యాంకులలో విచారించాలి. ఇంటి ఖర్చుకు పంపే సొమ్ము మాత్రం తల్లి పేరనో, భార్య పేరనో ఉన్న ఖాతాకు నేరుగా రావచ్చు.

పాత ట్రంకు పెట్టెలు కూడా ఒకసారి తెరిచి చూడండి. ఆదిలాబాదు కేంద్రంగా శ్రీ సరస్వతి గ్రామీణ బ్యాంకు, కరీంనగర్‌లో శ్రీ శాతవాహన గ్రామీణ బ్యాంకు ఉండేవి. 2006లో అవి దక్కన్ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. 2014లో అదే తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాయి. పేర్లు మారినా ఖాతాలు చావలేదు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రావస్థలోకి పోతుంది. పదేళ్లు దాటితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది, అప్పుడు కూడా హక్కుదారులు కోరి పొందవచ్చు. 2023లో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన 'ఉద్గమ్' పోర్టల్‌లో పేరుతో వెతకవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి నిద్రావస్థలోని ఖాతాకు కనీస నిల్వ జరిమానా వేయరాదు, తిరిగి తెరవడానికి రుసుమూ తీసుకోరాదు. అబ్బాజాన్ ఖాతాలో సొమ్ము దొరికితే, నామినీగా పేరున్న వ్యక్తి దానికి ఏకైక యజమాని కాడు. అతను వారసుల తరఫున అందుకునే ధర్మకర్త మాత్రమే. అక్కాచెల్లెళ్ల వాటా అక్కచెల్లెళ్లకు చేరాలి. ఈ ఒక్క విషయంలో మన ఇళ్ళలో జరిగే అన్యాయం బ్యాంకులు కోసే రుసుముల కన్నా ఎంతో పెద్దది.

ఫిర్యాదు చేయవలసి వస్తే ముందు బ్రాంచిలో రాతపూర్వకంగా ఇవ్వాలి. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఖాలాతో కలిసి మేము ఆ మరుసటి సోమవారం బ్యాంకుకు వెళ్ళాము. మూడు దరఖాస్తులు రాసి ఇచ్చాము: ఖాతా మార్పిడికి, బీమాల నిలుపుదలకు, కొత్త ఫోను నంబరు నమోదుకు. మొదట వద్దన్న గుమస్తా, మేనేజరు గది నుంచి తిరిగివచ్చాక ముద్ర వేసి నకలు ఇచ్చారు. కనీస నిల్వ జరిమానాలలో రెండు విడతల సొమ్ము, 118 రూపాయలు, ముందస్తు సమాచారం అందలేదన్న కారణంతో తిరిగి జమ అయింది. మిగిలింది రాలేదు. మొన్న రంజాన్‌కు ముందు జకాత్ లెక్క చూడడానికి కూర్చున్నప్పుడు ఆమె మళ్ళీ పాస్‌బుక్ తెచ్చారు. ఈసారి కోత గీతలు లేవు. ఒక్క పద్దు మీద వేలు పెట్టి అడిగారు. అది మూడు నెలల వడ్డీ, పద్నాలుగు రూపాయలు. ఆమె కొంగుముడి విప్పి పదిరూపాయల నోటు, రెండు రెండు రూపాయల బిళ్ళలు తీసి విడిగా ఒక డబ్బాలో వేసి, మూత పెట్టి, మళ్ళీ చాట ముందుకు లాక్కున్నారు.