కారు కింద ఆ రేకు ఎందుకు గలగలమంటుంది?

ప్రశ్న: మా పాత కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, అడుగున ఏదో రేకు గలగలమని మోగుతుంది. కాస్త వేగం అందుకోగానే ఆగిపోతుంది. ఎందుకు? ఆ రేకు పీకేయొచ్చా?

జవాబు: ముందు ఆ రేకు అక్కడ ఎందుకుందో చూద్దాం. ఇంజన్‌లో పెట్రోలు మండాక వచ్చే వేడి పొగ ఒక గొట్టం గుండా వెనక సైలెన్సర్ దాకా పోతుంది. దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. పొగలోని విషవాయువులను తగ్గించడం దాని పని. మన నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని 1995లో తప్పనిసరి చేశారు. బాగా వేడెక్కితేనే అది పనిచేస్తుంది. బండి నడుస్తుంటే దాని లోపల 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి ఉంటుంది.

ఆ డబ్బాకు కొద్ది ఎడంలోనే మన కాళ్ల కింది కార్పెట్ ఉంటుంది. చాలా బళ్లలో పెట్రోలు పైపు, బ్రేకు పైపులు కూడా ఆ దరిదాపుల్లోనే వెళ్తాయి. పొయ్యిని తాకకపోయినా దాని ముందు కూర్చుంటే ముఖం వేడెక్కుతుంది కదా, అలాగే ఆ గొట్టం వేడి కూడా చుట్టూ ఉన్నవాటిని కాలుస్తుంది. దాన్ని అడ్డుకునేదే ఈ పల్చటి రేకు, హీట్ షీల్డ్. మెరిసే రేకు వేడిని వెనక్కి కొడుతుంది. రేకుకీ గొట్టానికీ మధ్య ఉన్న గాలి సందు మిగతా వేడిని తొందరగా దాటనివ్వదు.

ఇంత పల్చటి రేకు రోజూ వేడెక్కి సాగుతుంది, చల్లబడి ముడుచుకుంటుంది. వాన నీళ్లూ బురదా పడి రేకును బిగించిన బోల్టు చుట్టూ తుప్పు పడుతుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. చివరకు రేకులో బోల్టు రంధ్రం పెద్దదై, బోల్టు తన చోట తానున్నా రేకు మాత్రం వదులై ఆడుతుంది.

మరి ఆగినప్పుడే ఎందుకు మోగుతుంది? నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుందాం. చుట్టుకు రెండు సిలిండర్లలో పెట్రోలు మండుతుంది. అంటే సెకనుకు దాదాపు 27 అదుర్లు. వదులైన ప్రతి రేకుకూ తనకంటూ ఒక ఊపు ఉంటుంది. ఇంజన్ అదురు దానితో కలిస్తే రేకు వణికి గొట్టానికి కొట్టుకుంటుంది. ఆగి ఉన్న ఆర్టీసీ బస్సులో కిటికీ అద్దం దడదడలాడి, బస్సు వేగం అందుకోగానే ఊరుకోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. కొన్ని బళ్లలో పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే మోగి, వేడెక్కి లోహం సాగాక సందు బిగిసి ఆగిపోతుంది.

ఇక బాగుచేయడం. ఇంజన్ ఆపి కొన్ని గంటలు పూర్తిగా చల్లారనివ్వండి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరకండి, అది జారితే ప్రాణం పోతుంది. మెకానిక్ షెడ్డులో ర్యాంప్ ఎక్కించడం మేలు. గ్లౌజు వేసుకుని పిడికిలితో గొట్టం పొడవునా తట్టుకుంటూ పోతే వదులైన చోటు దొరుకుతుంది. కన్వర్టర్ లోపల రాళ్లు దొర్లినట్టు వినిపిస్తే మాత్రం తప్పు రేకుది కాదు. లోపలి దిమ్మ పగిలింది, దాని రిపేరు వేరు.

రంధ్రం పెద్దదైతే బోల్టు తలకింద వెడల్పాటి స్టీలు వాషర్ వేసి బిగిస్తే సరిపోతుంది. బోల్టే విరిగిపోతే, రేడియేటర్ గొట్టాలకు వేసే తరహా స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పు పెద్ద సైజుది తెచ్చి, రేకునూ గొట్టాన్నీ కలిపి చుట్టి స్క్రూ తిప్పాలి. పొడవు చాలకపోతే రెండు క్లిప్పుల్ని ఒకదానికొకటి కలపొచ్చు. ఖర్చు చాలా తక్కువ. రేకు కదలకుండా నిలిస్తే చాలు. నొక్కుకుపోయేలా బిగిస్తే గాలి సందు పోయి, రేకు ఉన్నా లేనట్టే. ప్లాస్టిక్ టైలు ఆ వేడికి కరిగిపోతాయి, వాడొద్దు.

పీకేస్తే చప్పుడు పోతుంది, నిజమే. కానీ వేడి కార్పెట్‌కూ రబ్బరు భాగాలకూ తగులుతుంది. అంతకన్నా భయం ఎండుగడ్డి. కోతల రోజుల్లో మన రోడ్ల మీద పరిచిన వరిగడ్డి బండి అడుగున చుట్టుకుని, కాలే గొట్టానికి తగిలి అంటుకోవచ్చు. అందుకని ఆ రేకు తీయకండి, తీయనివ్వకండి. తుప్పు తిని పూర్తిగా పోయి ఉంటే కొత్తది వేయించుకోండి. షీల్డ్ ఉన్నా లేకపోయినా ఎండుగడ్డి మీద మాత్రం బండి ఆపకండి.