క్రొత్త పిస్తోలు, దాని పేచీలు

గృహిణులు చదువుకొను పత్రికలో పిస్తోలు ముచ్చట యేమని మీలో కొందఱు నొసలు చిట్లింతురేమో. అది మా గడప త్రొక్కిన దినమున నేనును అట్లే చిట్లించితిని. మా చిన్నమ్మాయికి ఇరువదిమూడేండ్లు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, సెలవు దినములయందు పిస్తోలుతో గుఱి కాల్చుట అభ్యసించుచున్నది. ఇంతకాలము శిక్షణాలయమువారి పిస్తోలుతోనే నేర్చినది. గడచిన సంవత్సరము తన పేర లైసెన్సు సంపాదించి, జీతములో మిగిల్చిన సొమ్ముతో సొంతముగా ఒకటి కొనుక్కొన్నది. అది ఇరువదిరెండు బోరు సెమీ ఆటోమేటిక్ పిస్తోలు.

రాష్ట్రపు పోటీలు మూడు వారములున్నవనగా దానిని మొదటిసారి కాల్చినది. ఏబది తూటాలు కాల్చునంతలో ఏడుసారులు పిస్తోలు మధ్యలో నిలిచిపోయెను. అమ్మాయి ఇంటికి వచ్చి పలుకక గదిలో కూర్చుండెను. ఆమె తండ్రిగారు సంగతి విని, "ఆడపిల్ల మణికట్టు కదా, పట్టు చాలలేదు" అనిరి. తోడి అభ్యాసకుడొకడు "నూనె బాగుగా పోయుము" అని చెప్పెనట. మరియొకడు తూటా లోనికి జాఱు దారిని ఆకురాయితో అరగదీసినచో సరిపోవునని సలహా చెప్పి, తానే అరగదీసి యిత్తుననెనట. ముగ్గురును మూడు మందులు చెప్పిరి గాని, రోగమేమో చూచినవారు లేరు.

ఆడపిల్లకు ఈ విద్య యేల యనువారితో వాదించుటకు నేను పూనుకొనను. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 25 మీటర్ల పిస్తోలు పందెము మొదటిసారి ఏర్పఱచిరి. కెనడా దేశపు వనిత లిండా థామ్ అందు స్వర్ణపతకము గెలిచెను. మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో పదుమూడేండ్ల ప్రాయముననే గాలి పిస్తోలులో జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కూడి 25 మీటర్ల పిస్తోలు జట్టు పందెమున స్వర్ణమును, ఒంటిగా రజతమును గెలిచినది. మా అమ్మాయి గదిగోడపై ఆమె బొమ్మ యున్నది.

ఈ పందెమున మొత్తము 60 తూటాలు కాల్చవలెను. మొదటి ముప్పది నెమ్మదిగా కాల్చవచ్చును. తక్కిన ముప్పదింటికి గుఱి మూడు సెకండ్లు మాత్రమే కనబడి, ఏడు సెకండ్లు మఱుగగును. ఆ మూడు సెకండ్లలో దింపియుంచిన చేయి యెత్తి ఒక తూటా కాల్చవలెను. కాల్చిన వెంటనే పిస్తోలు తరువాతి తూటాను తానే సిద్ధము చేసికొనవలెను. అది నిలిచిపోయినచో ఎంత నేర్పరియైనను చేయునదేమున్నది?

సెమీ ఆటోమేటిక్ అనగా మీట నొక్కినప్పుడెల్ల ఒక్క తూటాయే ప్రేలును. కాని ప్రేలిన తూటా బలమే తరువాతి దానిని సిద్ధపఱచును. రివాల్వరులో ఆ పని వ్రేలి బలముతో జరుగును. ఇందు తూటా ప్రేలగనే సీసపు గుండు ముందునకు పోవును. దాని ఇత్తడి తొడుగు వెనుకకు తన్ని, వెనుకనున్న బోల్టు అను బరువైన ఉక్కు దిమ్మెను నెట్టును. బోల్టునకున్న చిన్న కొక్కెము ఆ తొడుగును వెనుకకు లాగును. లోపలనున్న మరియొక ముక్క తగిలి తొడుగు వెలుపలికి ఎగిరి పడును. అంతట స్ప్రింగు బోల్టును ముందునకు త్రోయును. అది పోవుచు మేగజైనులోని పైతూటాను గొట్టములోనికి నెట్టుకొని పోవును. మేగజైను అనగా మనము చదువు పత్రిక కాదు, పిడిలో దూర్చు తూటాల పెట్టె. 1900 ప్రాంతమున అమెరికా దేశస్థుడు జాన్ బ్రౌనింగ్ రూపొందించిన చిన్న పిస్తోళ్లలోనున్న పద్ధతియు ఇదియే.

ఇంత పని కన్నుమూసి తెఱచునంతలో జరుగవలెను. తూటా బలము అంతంతమాత్రము. దారిలో జిడ్డుండినను, మురికి పేరినను, స్ప్రింగు క్రొత్తదై బిగువుగానుండినను, పట్టినవారి మణికట్టు సడలినను బోల్టు పూర్తిగా వెనుకకు పోదు. పోనిచో తొడుగు సగములో చిక్కుకొని పొగగొట్టమువలె నిలువుగా నిలుచును.

మఱునాడు ఆదివారము. నేను అమ్మాయితో, "అమ్మా, మన కుట్టుమిషను దారము తెంచినప్పుడు నేనేమి చేయుదునో చూచినావు గదా. మొదట విప్పి తుడుతుము, పిమ్మట చూతము" అంటిని. ఆమెకు నవ్వు వచ్చినది. కాని తుడుచుటకు ముందు చేయవలసిన పనిని నాకు ఆమెయే నేర్పెను. దానిని ఇంటిలో ఆయుధమున్న ప్రతి స్త్రీయు నేర్చుకొనదగును గావున కొంచెము నిదానముగా చెప్పెదను.

పిస్తోలు మూతి ఎవరివైపును ఉండరాదు; అవతల మనుష్యులుండు గోడవైపును ఉండరాదు. వ్రేలు మీటపై పెట్టరాదు. మొదట మేగజైనును వెలుపలికి తీయవలెను. పిమ్మట బోల్టును వెనుకకు లాగి పట్టి, గొట్టపు మొదట తూటా కూర్చుండు గదిని కంటితో చూచి, చిటికెనవ్రేలితో తడవి చూడవలెను. ఈ వరుస తప్పరాదు. ముందు బోల్టు లాగినచో లోనున్న తూటా వెలుపల పడును. "ఖాళీ అయినది" అనుకొందుము. బోల్టు వదలగనే మేగజైనునుండి మరియొక తూటా లోనికి దూరును. తరువాత మేగజైను తీసినను గొట్టములో ఆ తూటా అట్లే యుండును. ఖాళీ పిస్తోలు ప్రేలి ప్రాణము తీసినదని వినుచుందుము గదా, అట్టివానిలో ఎన్నియో ఈ వరుస తప్పుటవలననే జరుగుచున్నవి. అమ్మాయి నాచేత మూడుసారులు చేయించిన పిమ్మటగాని తృప్తిపడలేదు. తూటాల డబ్బాను వేఱొక గదిలో పెట్టి తాళము వేసితిమి.

పిస్తోలుతో వచ్చిన పుస్తకములో ఎంతవఱకు విప్పుమని యున్నదో అంతవఱకే విప్పితిమి. మీట దగ్గఱి సన్నని భాగములకు చేయి పెట్టలేదు. విప్పి చూచినచో రోగము సగము తెలిసిపోయినది. కర్మాగారమువారు త్రుప్పు పట్టకుండ పూసి పంపిన చిక్కని జిడ్డు బోల్టు జాఱు దారులలో అట్లే యున్నది. దానిపై అమ్మాయి, స్నేహితుని మాట విని, నూనె పోసియున్నది. ఏబది తూటాల మసియు, తూటాలకు పూసిన మైనమును ఆ నూనెలో కలిసి నల్లని ముద్ద యైనది. కుట్టుమిషనుకు నూనె ఎక్కువైనచో దూది పీచు పట్టినట్లే.

క్రొత్తది గదా యని తుడువక వాడుట పొరపాటు. కొన్న వెంటనే మొదటి పని తుడుచుటయే. పాత పండ్లబ్రష్షుతో బోల్టు ముఖమును, కొక్కెము మూలను, తూటా జాఱు దారిని తోమితిమి. మసి ఎక్కువగా దాగునది కొక్కెము క్రిందనే. గొట్టమును శుభ్రపఱచుటకు గుడ్డముక్క కట్టిన త్రాటిని వెనుకనుండి దూర్చి మూతివైపునకు లాగవలెను. మూతివైపునుండి ఇనుపకడ్డీ దూర్చినచో ఆ అంచు అరుగును. అంచు చెడినచో గుఱి చెడును. గుడ్డ తెల్లగా వచ్చునంతవఱకు లాగి, పొడిగుడ్డతో ముగించితిమి. బోల్టు జాఱు దారులపై ఒక్కొక్క చుక్క నూనె చాలును. తూటా కూర్చుండు గదియు, మేగజైనును పొడిగా నుండవలెను. నూనె తూటాలోనికి దిగినచో మందు ప్రేలకపోవచ్చును.

సోదరీమణులు మఱువరాని మాట యొకటి. ఈ మసిలో సీసమున్నది. సీసము పసిబిడ్డలకును గర్భిణులకును మిక్కిలి చెఱుపు. కావున ఈ పని వంటబల్లపైన గాని, భోజనము చేయు చోట గాని చేయరాదు. కిటికీలు తెఱచి, క్రింద పాత కాగితములు పఱచి చేసి, మసిగుడ్డలను వెంటనే పాఱవేసి, చేతులు సబ్బుతో రుద్ది కడుగుకొనవలెను. అభ్యాసమునకు తొడిగిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు. మా యింటికి మనుమడు వచ్చు దినములలో ఈ పని పెట్టుకొనము.

తుడిచిన పిమ్మట పేచీలు తగ్గినవి గాని పోలేదు. అప్పుడు అమ్మాయి, నేను పాలవానికి లెక్క వ్రాయు పుస్తకమువంటిది ఒకటి తెచ్చుకొన్నది. రెండు మేగజైనులపైనను 1, 2 అని అంకెలు వ్రాసెను. ప్రతి పేచీకిని ఎన్నవ తూటా, ఏ మేగజైను, తూటాలు ఏ డబ్బాలోనివి, తొడుగు చిక్కినదా లేక తూటాయే లోనికి పోలేదా అని వ్రాసికొన్నది. ఒకేసారి రెండు మార్పులు చేయలేదు. మొదట తూటాలు మార్చి చూచెను. పిమ్మట పట్టు మార్చి చూచెను. గుఱి పిస్తోళ్లు తూటాల విషయమున పెంకెబిడ్డలవంటివట: బలము మఱీ తక్కువైనచో బోల్టు వెనుకకు పోదు, ఎక్కువైనచో దెబ్బలకు భాగములు చెడును. పుస్తకములో చెప్పిన రకమే మేలు.

రెండు వందల తూటాలు కాల్చిన పిమ్మట లెక్క చూచితిమి. పేచీలు పదునొకండు. అందు ఎనిమిది రెండవ మేగజైనుతోనే వచ్చినవి. దానిని వెలుతురున పెట్టి మొదటి దానితో పోల్చి చూడగా పైయంచు ఒకవైపు వెండ్రుకవాసి వంగియున్నది. తూటా ఆ అంచున ఏటవాలుగా నిలిచి, గొట్టములోనికి పోవుటకు మాఱుగా దారికి కొట్టుకొనుచున్నది. దారిని ఆకురాయితో అరగదీసియుండినచో ఏమయ్యెడిదో యోచింపుడు! మంచి పిస్తోలు చెడెడిది. చెడిన డబ్బా చెడినట్లే యుండెడిది. మిగిలిన మూడింటిలో ఒకటి అమ్మాయి తప్పే. అలసి మణికట్టు సడలించినది. ఆ మాట తండ్రిగారికి తానే చెప్పినది.

తక్కిన రెండును మీట నొక్కినను ప్రేలని తూటాలు. ఇరువదిరెండు బోరు తూటాలో అంటించు మందు అడుగు అంచు చుట్టును ఉండును. ఎక్కడనైనను అది సరిగా పట్టకపోయినచో ప్రేలదు. అట్టి సమయమున పిస్తోలును తిప్పి చూచుకొనరాదు. ఆలస్యముగా ప్రేలవచ్చును గనుక ముప్పది సెకండ్లు గుఱివైపే పట్టి, పిమ్మట మేగజైను తీసి బోల్టు లాగవలెను. ఇంతకంటె ప్రమాదమైనది, ప్రేలినను చప్పుడు "తుస్సు"మని వచ్చుట. గుండు గొట్టములోనే చిక్కియుండవచ్చును. వెంటనే మరియొకటి కాల్చినచో గొట్టము పగులవచ్చును. నిలిపి, పిస్తోలు ఖాళీచేసి, గొట్టము చూచిన పిమ్మటగాని మఱల కాల్చరాదు.

పోటీలో పేచీ వచ్చినదని అధికారికి చెప్పుకొనదలచినచో తానుగా సవరింపరాదు. మూతి గుఱివైపే ఉంచి, ఖాళీచేతిని పైకెత్తి అధికారికి తెలుపవలెను. వారు పరీక్షించి, లోపము తూటాదా, యంత్రముదా, మనిషిదా యని తేల్తురు. మనిషిదైనచో ఆ తూటాకు గుండుసున్నయే. 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్ క్రీడలలో మను భాకర్ పడిన పాట్లు మీరు వినియుందురు. ఆమెది సెమీ ఆటోమేటిక్ కాదు, గాలి పిస్తోలు. ఐనను యంత్రము యంత్రమే. పందెము నడుచుచుండగా అందు లోపము వచ్చి, సరిచేయించుకొని వచ్చునప్పటికి ఎన్నియో నిమిషములు పోయినవి. తక్కిన తూటాలు తొందఱలో కాల్చి 575 పాయింట్లతో పండ్రెండవ స్థానమున నిలిచెను. తుది పందెమునకు ఎనమండుగురే. మూడేండ్లకు 2024లో పారిస్‌లో ఆమెయే రెండు కాంస్యపతకములు తెచ్చినది.

మా అమ్మాయి పిస్తోలు అమ్మినవారికి తన లెక్కల పుస్తకపు పుటలను ఫోటో తీసి పంపెను. మొదట వారును "నూనె వేసితిరా?" అనిరి. అంకెలు చూచిన పిమ్మట మాఱుమాటలాడక క్రొత్త మేగజైను పంపిరి. అది పోటీలకు రెండు దినములు ముందుగా చేరినది. పోటీలో అరువది తూటాలకును పిస్తోలు ఒక్కసారియు నిలువలేదు. అమ్మాయికి తొమ్మిదవ స్థానము వచ్చినది, పతకము రాలేదు. ఇప్పుడు తూటాలు కాల్చి వచ్చిన సాయంకాలమున తండ్రిగారు మణికట్టు మాట యెత్తరు, "ఈ దినము లెక్క యెంత?" అని అడుగుచున్నారు.