సూట్‌కేసు సర్దే ముందు

మా అబ్బాయి జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్ళిన మూడో వారం. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడి ఫ్లాటు తలుపు పిడికి ఒక చిన్న పలక వేలాడుతోందట. దాని మీద జర్మన్‌లో ఒకే ఒక్క మాట. ఎవరో ప్రకటన తగిలించి పోయారనుకుని తీసి చెత్తబుట్టలో పడేశాడు. వారం గడిచాక కింది అంతస్తు పెద్దావిడ మెట్ల మీద ఎదురై, వీడికి అర్థం కాని భాషలో గట్టిగా ఏదో అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఫోనులో వాడన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. "నాన్నా, ఇక్కడ మనవాళ్ళంటే వీళ్ళకి గిట్టదు."

ఆ పలక మీదున్న మాట 'కేర్‌వోఖె'. ఊడ్చే వారం అని అర్థం. స్టుట్‌గార్ట్ ఉన్న స్వాబియా ప్రాంతంలో ఇది పాత ఆచారం. దీని మూలాలు 15వ శతాబ్దం చివరినాటి నగర కట్టడిలో ఉన్నాయని చెబుతారు. ఒక భవనంలో అద్దెకున్నవాళ్ళు వంతులవారీగా మెట్లు ఊడ్చి తుడవాలి. పెద్ద వంతు వచ్చినవాళ్ళు ఇంటి ముందు కాలిబాట కూడా శుభ్రం చెయ్యాలి. ఎవరి వంతయితే వాళ్ళ తలుపుకి ఆ పలక వేలాడుతుంది. వారం అయ్యాక వాళ్ళు దాన్ని పక్కింటి తలుపుకి తగిలిస్తారు. చాలాచోట్ల అద్దె ఒప్పందంలోనే ఈ షరతు ఉంటుంది. మావాడి ఒప్పందంలోనూ ఉంది. జర్మన్‌లో ఉన్న పద్నాలుగు పేజీలకి వాడు కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడు. బ్యాంకు ఆఫీసరు కొడుకు చెయ్యాల్సిన పనేనా అది!

పెద్దావిడ అన్నది ఏమిటో వాడికి ఏడు నెలల తర్వాత ఒక సహోద్యోగి చెబితే తెలిసింది. మెట్లు ఊడవలేదు, పైగా పలక ఎక్కడ పెట్టావు అని అడిగిందట. అంతే. ఆ ఏడు నెలలూ వాడు ఆమె తలుపు చప్పుడు వింటే గదిలోంచి బయటికి రాలేదు. తిరిగి వచ్చేస్తానని రెండుసార్లు అన్నాడు.

తప్పు వాడొక్కడిదే కాదు. వాణ్ణి పంపేటప్పుడు మేం ఏం చేశామో గుర్తు చేసుకుంటే నాకే సిగ్గనిపిస్తుంది. సర్టిఫికెట్లకి ముద్రలు వేయించాం. ఒక్కొక్క పెట్టె 23 కిలోలు దాటకుండా బాత్రూం త్రాసు మీద పదిసార్లు తూచాం. ఆవకాయ, కందిపొడి, కుక్కరు, రెండు ఉన్ని టోపీలు సర్దాం. అక్కడ ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో మాత్రం ముగ్గురిలో ఒక్కరం కూడా అడగలేదు. చెత్త ఎప్పుడు పడెయ్యాలి, పొరుగువారిని ఎలా పలకరించాలి, ఎన్ని గంటల తర్వాత చప్పుడు చెయ్యకూడదు వంటివి మాకు తట్టనేలేదు.

నిజానికి నాకు తట్టి ఉండాల్సింది. మన ఉద్యోగాల్లో బదిలీ కొత్తేమీ కాదు కదా. ప్రమోషన్ మీద నేను బీహార్‌లో ఒక శాఖకి వెళ్ళిన మొదటి ఏడాది, దీపావళి అయిన కొద్ది రోజులకి రుణగ్రహీతల సమావేశం పెట్టాను. కుర్చీలన్నీ ఖాళీ. సిబ్బందిలోనూ సగంమంది సెలవు. దక్షిణాది నుంచి వచ్చిన మేనేజరంటే లెక్క లేదని రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. తీరా చూస్తే అది నాలుగు రోజుల ఛఠ్ పండగలో రెండో రోజు. ఇంటింటా ఉపవాసం. సెలవుల జాబితాలో ఆ తేదీ లేదు కాబట్టి నాకు తెలియలేదు. ఊళ్ళో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు.

తెలియనితనంలో అసలు ప్రమాదం తప్పు చెయ్యడం కాదని నాకిప్పుడు అనిపిస్తుంది. మామూలు నియమం కూడా మనకి అవమానంలా కనబడుతుంది, అదీ ప్రమాదం. పరదేశంలో నిజమైన వివక్ష ఉండదని నేననను. విదేశీ పేరు చూసి ఇల్లు అద్దెకివ్వనివాళ్ళు అక్కడా ఉన్నారు. కానీ ఏది నియమమో తెలిసినవాడికే ఏది వివక్షో కూడా తెలుస్తుంది. ఏదీ తెలియనివాడికి ప్రతి ముఖమూ శత్రువు ముఖమే.

గత ఏడాది అబ్బాయికి పెళ్ళయింది. వీసా వచ్చేదాకా కోడలు అయిదు నెలలు మా దగ్గర కాకినాడలోనే ఉంది. భార్యగా భర్త దగ్గరికి వెళ్ళేవాళ్ళు జర్మన్‌లో 'ఎ1' అనే మొదటి మెట్టు పరీక్ష సాధారణంగా పాసవ్వాలి. భర్తకి బ్లూ కార్డు ఉంటే ఆ పరీక్ష అక్కర్లేదు. మావాడికి ఉంది. "అక్కర్లేదంటున్నారుగా, వదిలేద్దామా మావయ్యగారూ?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. ఆన్‌లైన్ క్లాసులో చేరింది. వెనక కుర్చీలో నేనూ కూర్చున్నాను.

మొదటి వారంలోనే ఒక మంచి సంగతి తెలిసింది. ఇంగ్లీషులో లేని మీరు-నువ్వు తేడా జర్మన్‌లో ఉంది. 'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. తెలుగు పిల్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే మనకి వయసు కొద్దీ మర్యాద. అక్కడ పరిచయం కొద్దీ. పెద్దవాళ్ళలో కొత్తవాళ్ళందరూ 'జీ'యే. వయసులో పెద్దవారు 'డూ' అనమని చెప్పేదాకా చిన్నవాళ్ళు ఆగాలి.

ఇంటిపేరు సంగతి ఇంతకంటే ముఖ్యం. అక్కడి అపార్టుమెంట్లలో చాలావాటికి ఫ్లాటు నంబరే ఉండదు. గంట మీద, ఉత్తరాల డబ్బా మీద ఇంటిపేరు రాసి ఉంటుంది. పోస్టుమాన్ దాన్ని చూసే ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే అది వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, పిన్ను, పన్ను గుర్తింపు సంఖ్య, అన్నీ ఉత్తరంలోనే వస్తాయి. మావాడి డబ్బా మీద పాత అద్దెదారు పేరు నెలన్నర ఉండిపోయింది. వచ్చిన ఉత్తరాలు వచ్చినట్టే తిరిగిపోయాయి. మా కోడలి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. మన ఆడపిల్లల్లో చాలామందికి అంతే. అందుకని ఆమె విమానం ఎక్కకముందే డబ్బా మీద రెండు ఇంటిపేర్లూ రాయించాం. ఇల్లు చేరిన రెండు వారాల్లో స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రం లేనిదే ఆ నమోదు జరగదు. పన్ను సంఖ్య వచ్చేది దాని తర్వాతే.

ఇక చెత్త. నవ్వకండి, అక్కడ పొరుగువారితో తగాదాలకి మూలం చాలాసార్లు ఇదే. కాగితాలకి ఒక డబ్బా, ప్లాస్టిక్ ప్యాకింగులకి పసుపు డబ్బా లేదా సంచి, కూరగాయల తొక్కలకి గోధుమరంగుది, మిగిలినదానికి ఇంకొకటి. ఊరిని బట్టి రంగులు కొంచెం మారతాయి. గాజు సీసాలు వీధిలో ఉండే పెద్ద డబ్బాల్లో రంగుల వారీగా వెయ్యాలి. అదీ ఆదివారం, రాత్రిపూట వెయ్యకూడదు, చప్పుడవుతుంది కనక. నీళ్ళ సీసాలూ డబ్బా పానీయాలూ కొన్నప్పుడు 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీది దుకాణంలోని యంత్రంలో పెడితే ఆ సొమ్ము చీటీ వస్తుంది. మా పెరట్లో నాలుగు బకెట్లు పెట్టి నెలరోజులు సాధన చేశాం. మా ఆవిడ మొదట విసుక్కుంది, తర్వాత నా మీదే అజమాయిషీ మొదలుపెట్టింది. మన దేశంలోనూ తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త వేరు చెయ్యాలని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. వాటి అమలు సంగతి మీకు తెలుసు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరుదాకా నిశ్శబ్దం పాటించాలి. పొద్దున్న అయిదున్నరకి పచ్చడికి మిక్సీ వేసినందుకు మావాడికి తలుపు సందులోంచి ఒక చీటీ వచ్చింది. ఆదివారమంతా అదే వరస. గోడకి మేకు కొట్టకూడదు, దుకాణాలు మూత. స్టేషన్లలో కొట్లు, పెట్రోలు బంకులు, కొన్ని రొట్టెల అంగళ్ళు తప్ప ఏమీ దొరకవు. ఆదివారపు విశ్రాంతి వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగపు నిబంధనని నేటి రాజ్యాంగంలోకీ తీసుకున్నారు. అందుకని శనివారమే పాలు, కూరగాయలు తెచ్చుకోవాలి.

మొహమాటం గురించి కోడలికి అబ్బాయే చెప్పాడు. ఒక సహోద్యోగి ఇంటికి పిలిచి కేకు పెట్టబోతే, మన అలవాటు కొద్దీ "వద్దండీ" అన్నాడు. ఇంకోసారి అడుగుతారుగా అని. వాళ్ళు పళ్ళెం తీసేశారు. అక్కడ వద్దంటే వద్దనే. తినాలనుంటే మొదటిసారే సరే అనాలి. పుట్టినరోజు ఎవరిదయితే వాళ్ళే ఆఫీసుకి కేకు తేవాలి. ఒకరోజు ముందుగా శుభాకాంక్షలు చెబితే అపశకునమట. మనకున్నట్టే వాళ్ళకీ నమ్మకాలున్నాయని తెలిసి మా ఆవిడ సంతోషించింది.

పెట్టెలో ఏం పెట్టకూడదో కూడా ఈసారి ముందే తెలుసుకున్నాం. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. అంటే కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా కుదరవు. పచ్చి కరివేపాకు కూడా నిషేధమే. వియ్యపురాలు ప్రేమగా కాచి పంపిన రెండు సీసాల నెయ్యి ఇప్పుడు మా ఇంట్లోనే ఖర్చవుతోంది. ఆవకాయకి ఇబ్బంది లేదు. కరెంటు మనలాగే 230 వోల్టులు, మిక్సీ పనిచేస్తుంది. కానీ మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టరు కావాలి. వాడుకునే మందులు మూడు నెలలకి మించకుండా, చీటీతో సహా తీసుకెళ్ళింది.

చలికాలం గురించి నేను దాచకుండా చెప్పాను. డిసెంబరులో స్టుట్‌గార్ట్‌లో ఉదయం ఎనిమిది దాటాక తెల్లవారుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. ఉద్యోగం లేకుండా ఇంట్లో ఒంటరిగా కూర్చునే కొత్త కోడలికి చలికంటే ఆ చీకటే కష్టం. అందుకే భాషా తరగతిలో వెళ్ళకముందే పేరు నమోదు చేయించాం. ఇంట్లోంచి బయటికి కదలడానికి రోజూ ఒక కారణం ఉండాలి.

మన వృత్తికి సంబంధించినవి రెండు ముక్కలు. ఉద్యోగానికో స్థిరపడడానికో విదేశం వెళ్ళినవారి మామూలు పొదుపు ఖాతాని ఎన్నార్వో ఖాతాగా మార్చాలి. అక్కడి సంపాదన ఇక్కడ దాచుకోవడానికి ఎన్నారీ ఖాతా వేరు. మన సిబ్బంది పిల్లలే దీన్ని ఏళ్ళతరబడి వాయిదా వేస్తారని నా అనుభవం. మావాడూ అంతే, నేనే పట్టుబట్టి మార్పించాను. అక్కడ అద్దె, కరెంటు వంటివి ఖాతాలోంచి నేరుగా కోతపడేలా అనుమతి ఇస్తారు. అంకెలు రాసేటప్పుడు మనం కామా పెట్టేచోట వాళ్ళు చుక్క, చుక్క పెట్టేచోట కామా పెడతారు. 1.200,00 అంటే పన్నెండు వందలు. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము ఉంటుంది. ఆ నోటీసు వచ్చినప్పుడు మావాడు ఇదేదో మోసమని చింపేశాడు. తర్వాత బకాయితో కలిపి కట్టాడు.

కోడలు వెళ్ళి ఇప్పటికి నాలుగు నెలలు. మొదటి వారంలోనే కింది పెద్దావిడ తలుపు తట్టి, "గూటెన్ టాగ్" అని, తన పేరు చెప్పి వచ్చిందట. ఆవిడ పెద్దగా నవ్వలేదట. కానీ మర్నాడు వీళ్ళు ఇంట్లో లేనప్పుడు వచ్చిన పార్సిల్ తీసి తన దగ్గర ఉంచింది. పొరుగువారి పార్సిల్ తీసిపెట్టడం అక్కడ మామూలేనట. మూడేళ్ళలో మావాడి పార్సిల్ ఆవిడ తీసిపెట్టడం అదే మొదటిసారి.

మొన్న ఆదివారం ఫోను చేసింది. "ఈ వారం పలక మన తలుపుకే ఉంది అత్తయ్యా. నిన్ననే మెట్లన్నీ తుడిచేశాను." మా ఆవిడ వెంటనే, వాకిట్లో ముగ్గు వెయ్యొచ్చా అని అడిగింది. ఆ సంగతి అద్దె ఒప్పందంలో చూసి చెబుతానంది కోడలు.

వచ్చే వేసవిలో మేమిద్దరం వెళ్దామనుకుంటున్నాం. ప్రస్తుతం నేను అంకెల దగ్గరే ఆగాను. జర్మన్‌లో నలభై అయిదుని 'అయిదూ నలభై' అంటారు, ఒకట్లు ముందు, పదులు తర్వాత. క్యాష్ కౌంటరులో పదేళ్ళు నోట్లు లెక్కపెట్టినవాణ్ణి, రోజూ పొద్దున్న నడకలో ఇరవై ఒకటి దగ్గర తప్పుతున్నాను.